ముందుగదిలో పెద్దాయన

శవం వేషం వెయ్యడం అందరివల్లా అయ్యే పని కాదని అతని గట్టి నమ్మకం. రాజు వేషానికి కిరీటం సాయం ఉంటుంది. తాగుబోతుకి సీసా ఉంటుంది. ప్రేమికుడికైతే ఎదురుగా అమ్మాయే ఉంటుంది. శవానికి ఎవరి సాయమూ ఉండదు. వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, హాలునిండా జనం చూస్తుంటే తను లేనట్టు ఉండాలి. అది కూడా గంటన్నరసేపు. ఎవరైనా పోటీకి వస్తే రమ్మనండి అని సవాలు చేసేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. దాంతో ఆ విద్యలో తనే మొనగాడినని తేల్చేసుకున్నాడు. ఆ మాత్రం ధీమా లేకపోతే పదకొండేళ్ళుగా ఒకే నాటకంలో, ఒకే బల్లమీద చచ్చి పడుండడం మాటలా?

నాటకాలవాళ్ళు అతన్ని పెద్దాయన అని పిలిచేవారు. నలభై దాటి ఎంతో కాలం కాలేదు, జుట్టు కూడా నల్లగానే ఉంది. వేషంతో వచ్చిన పేరది, అతుక్కుపోయింది.

పగలు ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో ఉద్యోగం. వచ్చినవాళ్ళని పలకకి ఛాతీ ఆనించి నిలబెట్టేవాడు, గడ్డం పైకెత్తించేవాడు, భుజాలు ముందుకి పెట్టించేవాడు. తర్వాత అద్దాల గోడ వెనక్కి వెళ్ళి, "గట్టిగా ఊపిరి పీల్చండి. బిగబట్టండి. కదలొద్దు" అనేవాడు. మీట నొక్కాక, "ఇక వదలండి" అనేవాడు. ఆ వదలమన్న మాట ఒక్కసారి కూడా మర్చిపోలేదని గొప్పగా చెప్పుకునేవాడు. తన తర్వాత చేరిన కుర్రాళ్ళు మర్చిపోతారట, పాపం జనం మొహాలు ఎర్రబడేదాకా అలాగే నిలబడతారట.

ఆ అనుభవమంతా బల్లమీద పనికొచ్చింది. చూసేవాళ్ళకి ఛాతీ కదలడం తెలుస్తుంది గాని కడుపు కదలడం అంతగా తెలియదు. అందుకని పొట్టమీద దుప్పటిని నాలుగు మడతలు వేయించుకునేవాడు. సన్నగా, పైపైన పీల్చుకుంటూ గడిపేవాడు. కాని ఎంత మొనగాడికైనా అప్పుడప్పుడు నిండు ఊపిరి ఒకటి కావాలి కదా. దానికి మైకు ఉన్నాడు.

మైకు అంటే పెద్దకొడుకు వేషం వేసేవాడు. పగలు కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడతాడు. అతని గొంతుకి మైకు అక్కర్లేదు కాబట్టి అతనికే ఆ పేరు పెట్టారు. నాటకంలో అతను కేకేసినప్పుడల్లా జనమంతా అతని మొహంకేసి చూస్తారు. ఆ ఒక్క క్షణంలో పెద్దాయన కడుపునిండా ఒక గుక్క లాగి మళ్ళీ చచ్చిపోయేవాడు. ఏ మాట దగ్గర మైకు అరుస్తాడో పెద్దాయనకి నిద్రలో లేపినా తెలుసు. "నీ అరుపులమీదే బతుకుతున్నాన్రా" అని అతనికి టీ ఇప్పించేవాడు.

నాటకం పేరు 'ముందుగది'. ఆ ఊళ్ళో నాటకాల మొహం చూడనివాళ్ళు కూడా ఆ పేరు విన్నారు. తెర లేచేసరికే ఇంటిపెద్ద పోయి ఉంటాడు. ముందుగదిలో పడుకోబెట్టి ఉంటారు. ఇద్దరు కొడుకులు, కూతురు వస్తారు. నాన్నని ఎవరు బాగా చూసుకున్నారు, ఎవరు పట్టించుకోలేదు, ఎవరి ఫోనుకోసం ఎదురుచూసి ఎదురుచూసి పోయాడు అని మొదలవుతుంది. మాటా మాటా పెరిగి పాత సంగతులన్నీ బయటికొస్తాయి. చివరికి ముగ్గురూ నోళ్ళు మూసుకుని తండ్రి దగ్గర కూర్చుంటారు. తెర పడుతుంది.

నాటకం రాసి, ఆడించేది డ్రాయింగు మాష్టారు. ఇన్నేళ్ళయినా ఆయనకి ఆ చివరి ఘట్టం మింగుడు పడలేదు. అంత గొంతులు చించుకున్నవాళ్ళు ఉన్నట్టుండి ఎందుకు నోళ్ళు మూసుకుంటారు? ఒక ఏడాది ఉరుము వేయించారు. ఇంకో ఏడాది తండ్రి ఫోను మోగించారు. ఒకసారి దీపాలన్నీ ఆర్పిస్తే జనం నిజంగానే కరెంటు పోయిందనుకుని లేచి వెళ్ళిపోయారు. "అక్కడేదో ఒకటి పడాలయ్యా, అదేమిటో నాకు దొరకడం లేదు" అని బట్టతల నిమురుకునేవారు.

అన్నీ బాగానే ఉన్నాయి గాని, పెద్దాయన ఇంట్లో ఒక చిక్కుంది. ఆ చిక్కు అతను స్వయంగా తెచ్చుకున్నదే. తన వేషమేమిటో వాళ్ళమ్మకి చెప్పలేదు.

ఆవిడ ప్రసూతి ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఊళ్ళో సగంమంది మొదటి ఏడుపు ఆవిడ చేతుల్లోనే ఏడ్చారు. పుట్టిన బిడ్డ గుండెమీద అరచెయ్యి ఆన్చి, డాక్టరు రాకముందే ఊపిరి సంగతి చెప్పేసేది. ఉద్యోగమున్నన్నాళ్ళూ సాయంత్రాలు డ్యూటీలతోనే సరిపోయాయి, నాటకం అన్నది ఎలా ఉంటుందో చూడనే లేదు. చూడకుండానే దానిమీద ఒక అభిప్రాయం మాత్రం ఏర్పరచుకుంది. "పగలంతా చాకిరీ చేసి సాయంత్రం ఆ వేషాలేమిట్రా? హాయిగా పడుకోరాదూ" అనేది. హాయిగా పడుకోవడానికే వెళుతున్నానని చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

అందుకని ఒకనాడు గొప్పకి పోయి, "నాది ఇంటిపెద్ద వేషమమ్మా. కథంతా నా చుట్టూనే తిరుగుతుంది. తెర లేచిందగ్గర్నించి అందరూ నా గురించే మాట్లాడతారు" అన్నాడు. అందులో అబద్ధం ముక్క లేదు. ఆవిడ మర్నాటినించి వీధిలో కనిపించినవాళ్ళందరితో మావాడు పెద్ద వేషం కడతాడు అని చెప్పడం మొదలుపెట్టింది. కొడుకు సాయంత్రాలు వృథా కావడం లేదని ఆవిడకి మొదటిసారి అనిపించింది. అది చూసి అతని ఛాతీ రెండంగుళాలు పొంగింది.

ఒకరోజు రాత్రి అన్నం తింటుంటే భార్య చల్లగా కబురు చెప్పింది. "శనివారం అత్తయ్య నాటకానికి వస్తున్నారు. టిక్కెట్లు కూడా తెచ్చుకున్నారు. మూడో వరస."

అతనికి పొలమారింది.

"అసలు సంగతి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది భార్య.

"నేను చూసుకుంటాగా" అన్నాడు.

చూసుకోవడానికి మర్నాడే మాష్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన బడి అయిపోయాక, పిల్లల రంగు చేతుల ముద్రలు గోడనించి తుడుస్తున్నారు.

"మాష్టారూ, నాకొక డైలాగు కావాలి."

"శవానికా?"

"చిన్నది చాలండి. ఒక్క ముక్క."

"ఎంత చిన్నదైనా శవానికి ఎక్కువేనయ్యా."

"పోనీ తెర లేచాక బతికుండి, ఒక మాట అనేసి పోతాను."

మాష్టారు గుడ్డ పక్కన పెట్టారు. "నువ్వు మాట్లాడావంటే నువ్వెలాంటివాడివో జనానికి తెలిసిపోతుంది. ఇప్పుడైతే ఎవరి తండ్రిని వాళ్ళు నీలో చూసుకుంటున్నారు. ఇంతకీ ఎందుకీ బాధ?"

"మా అమ్మ వస్తోందండి. నేను మాట్లాడతాననుకుంటోంది. ఇన్నేళ్ళూ బల్లమీద పడుకోడానికా వెళ్ళావు అంటే నేనేం చెప్పను?"

మాష్టారికి జాలి వేసినట్టే ఉంది గాని డైలాగు మాత్రం రాలలేదు. "అమ్మకి ముందే చెప్పెయ్యి, అదే మేలు" అన్నారు.

అతను చెప్పబోయాడు కూడా. శుక్రవారం సాయంత్రం ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కాళ్ళకి మందు రాసుకుంటుంటే పక్కన చేరి, "అమ్మా, నాటకంలో నాకు మాటలు కాస్త తక్కువ" అన్నాడు.

"ఇంటిపెద్దకి ఎక్కువెందుకుంటాయిరా? మీ నాన్న ఎన్ని మాట్లాడేవారు గనక" అంది ఆవిడ. ఆ మాటతో అతను మందు డబ్బాకి మూత పెట్టి లేచొచ్చేశాడు.

శనివారం వచ్చింది. హాలు తలుపులు తియ్యకముందే శవం బల్లెక్కాలి, అదొక పద్ధతి. మొహానికి పసుపు కలిసిన బూడిదరంగు పులుముకుని, బుగ్గలకింద నీడలు దిద్దించుకుని పడుకున్నాడు. ఛాతీదాకా తెల్ల దుప్పటి కప్పారు. పొట్టమీద మడతలు పడేసరికి ఆ దుప్పటి ఎప్పుడూ కాళ్ళ దగ్గర పొట్టిదైపోయేది, పాదాలు బయటికుండేవి. ఇన్నేళ్ళలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

తెర ఇవతలనించి కుర్చీల చప్పుడు వింటూ పడుకున్నాడు. వినగా వినగా వాళ్ళమ్మ గొంతు వినిపించింది. ఆవిడకి మెల్లిగా మాట్లాడే అలవాటు లేదు.

"కుర్చీ మెత్తగానే ఉందే" అంటోంది కోడలితో.

తెర లేచింది. మైకు వచ్చాడు, తమ్ముడు వచ్చాడు, కూతురు వేషం వేసిన పోస్టాఫీసు అమ్మాయి వచ్చింది. మాటలు మొదలయ్యాయి. పెద్దాయన లెక్క ప్రకారం మొదటి అరుపుకి గుక్క లాగాడు, రెండో అరుపుకి లాగాడు. అంతా నున్నగా సాగిపోతోంది.

"వీడేడే?" అన్న గుసగుస మూడో వరసలోంచి హాలంతా వినపడింది.

"వస్తారత్తయ్యా" అంది భార్య.

కాసేపటికి మళ్ళీ, "ఆ పడుకున్నదెవరే?"

భార్య సన్నగా దగ్గింది. ఆ తర్వాత వాళ్ళమ్మ గొంతు మళ్ళీ వినపడలేదు. పెద్దాయనకి అరికాళ్ళు జిల్లుమన్నాయి. అతని ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలిమీదికి ఎక్కి ఉంటుంది, పుట్టుకతోనే వచ్చింది. ఆ వేలిని లోకంలో మొట్టమొదట చూసిన మనిషి మూడో వరసలో కూర్చుని ఉంది. అయిపోయింది, కనిపెట్టేసింది అనుకున్నాడు. ఇంటిపెద్ద, కథంతా నా చుట్టూనే అని పలికిన గొప్పలన్నీ చెవుల్లో గింగురుమన్నాయి. చచ్చినవాడికి సిగ్గుతో చెవులు ఎర్రబడకుండా ఉండే ఉపాయం అతని విద్యలో లేదు. మేకప్పు మందంగా ఉంది కాబట్టి గట్టెక్కాడు.

వేదికమీద గొడవ ముదిరింది. "నాన్నకి మందులు తెచ్చిందెవరు?" అని మైకు గర్జించబోయే చోటు దగ్గరపడింది. అది అన్నిటికంటే పెద్ద అరుపు. దానికోసం పెద్దాయన లోపలున్న గాలంతా మెల్లిగా వదిలేసి, ఖాళీ ఛాతీతో సిద్ధంగా ఉన్నాడు.

అరుపు రాలేదు.

దాని బదులు పక్క మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక్కో మెట్టుకీ ఆగి ఎక్కుతున్న చప్పుడు. అది అతనికి బాగా తెలిసిన మోకాళ్ళ చప్పుడు. మైకు నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోయాడు. హాల్లో ఒక్క కుర్చీ కూడా కదలడం లేదు. అందరి కళ్ళూ ఇప్పుడు బల్లమీదే ఉంటాయి. లోపల చూస్తే గాలి లేదు. పీల్చాడా, ఇన్నేళ్ళూ తెచ్చుకున్న పేరంతా ఒక్క గుక్కలో పోతుంది. పెద్దాయన బిగబట్టాడు.

ఆవిడ వచ్చి బల్ల పక్కన నిలబడింది. అరచెయ్యి అతని గుండెమీద పెట్టింది. పుట్టిననాడు పెట్టిన చెయ్యే. కదలిక లేదు. చెయ్యి ముక్కు దగ్గరికొచ్చింది. గాలి లేదు. మెడ పక్కకి జారి నాడికోసం వెతికింది. అయితే అక్కడ నిలకడగా వెతకలేకపోయింది, వేళ్ళు తడబడ్డాయి. మళ్ళీ గుండెమీదికొచ్చి ఆగింది.

ఆ చెయ్యి వణుకుతోంది.

అది వణకడం అతను ఎన్నడూ ఎరగడు. ఎంత కష్టమైన కాన్పు నుంచి ఇంటికొచ్చినా ఆ చెయ్యి అన్నం కలిపేది, జడ వేసుకునేది, వణికేది కాదు. నా విద్య గొప్పదే, అమ్మనే నమ్మించేసింది అని ఒక్క క్షణం గర్వం కూడా వేసింది. ఆ వెంటనే ఇలాంటి విద్య ఎవడికి కావాలి అని ఏడుపొచ్చింది.

"ఒరే నాన్నా" అంది ఆవిడ, అతనికి మాత్రమే వినపడేట్టు.

అతను పీల్చాడు. జనం చూస్తే చూడనీ అనుకునే పీల్చాడు. ఛాతీ ఆ అరచేతికింద నిండుగా పైకి లేచింది.

ఆవిడ గబుక్కున బల్లకీ జనానికీ మధ్యకి నడిచి వచ్చింది. జనానికి వీపు పెట్టి, అతని ఛాతీకి సరిగ్గా అడ్డంగా నిలబడింది. దుప్పటి సర్దుతున్నట్టు వంగి, "పీల్చుకో. నేనడ్డంగా ఉన్నాను" అంది.

అతను పీల్చుకున్నాడు. ఒకటి కాదు, కడుపునిండా, కరువుతీరా పీల్చుకున్నాడు. ఊపిరి కుదుటపడేదాకా ఆవిడ దుప్పటి సర్దుతూనే ఉంది. పొట్టమీది మడతలు విప్పి, కిందికి లాగి, బయటికున్న పాదాలు కూడా కప్పేసింది. జనానికి కనిపించింది ఒక ముసలావిడ వీపు, సర్దుతున్న రెండు మోచేతులు, అంతే. వెనకెక్కడో ఎవరో ముక్కు చీదుకోవడం వినిపించింది.

తర్వాత ఆవిడ మైకువైపు తిరిగింది.

"ఇందాకట్నించీ చూస్తున్నాను. నేను బాగా చూశానంటే నేను బాగా చూశానని గొంతులు చించుకుంటున్నారు. వచ్చి ఇంతసేపయింది, మీలో ఒక్కరైనా ఈ మనిషి మొహంకేసి చూశారా?"

నిజానికి చూడలేదు. నాటకంలో అలా చూసే చోటే లేదు. వాళ్ళ చూపులన్నీ ఒకరిమీద ఒకరికి, జనంమీదికి. మైకు మార్కెట్లో ఎన్ని వందలమందినో దబాయించినవాడు, ఆ ప్రశ్నకి మాత్రం నోరు మూసేశాడు. మెల్లిగా బల్లకేసి చూశాడు. తమ్ముడూ చూశాడు. పోస్టాఫీసు అమ్మాయికి ఆ చోట ఏడుపు లేదు, అయినా ఏడ్చింది. ఎవరూ చెప్పకుండానే ముగ్గురూ బల్ల చుట్టూ చేరి కూర్చున్నారు. వేదిక పక్క చాటున ఉన్న మాష్టారు తెర లాగేవాడి చెయ్యి పట్టుకుని ఆపి, ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ, చివరికి వదిలారు.

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. అవి తెర ఇవతలికి వినపడుతుండగానే పెద్దాయన లేచి కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

మాష్టారు పరుగులాంటి నడకతో వచ్చారు. "అమ్మా, మీరు నిజంగా భయపడ్డారా?"

"నాటకమని తెలీకపోవడానికి నేనేమైనా చిన్నపిల్లనా? టిక్కెట్టు చింపించుకునే లోపలికొచ్చాను" అంది ఆవిడ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "కాళ్ళు చూసి వీడేనని పట్టేశాను. సరే, పడుకున్నాడుగా అని ఊరుకున్నాను. అంతలో మీవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం ఎక్కువైంది. నా కొడుకు అలా పడుంటే పక్కన ఆ గోలేమిటని మనసాగలేదు. మందలిద్దామని లేచాను. తీరా దగ్గరికొస్తే వీడికి ఊపిరాడటం లేదు. అక్కడ మాత్రం భయపడ్డాను. అబద్ధమెందుకు?"

"నీకు ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాడు కొడుకు. "నువ్వొస్తున్నావని ఒక్క మాటన్నా ఇమ్మని మాష్టార్ని అడిగాను. ఇవ్వలేదు. ఇన్నేళ్ళూ నేను చేస్తున్నది ఇదే, పడుకోవడం."

ఆవిడ అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది, ఎక్స్‌రే గదిలో అతను జనం గడ్డాలెత్తినట్టే. బుగ్గమీది నీడ బొటనవేలితో తుడిచింది.

"మాటెందుకురా నీకు? నువ్వు ఒక్క ముక్క మాట్లాడున్నా నేను కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. మాట్లాడకుండా ఇంత ముసలిదాన్ని అన్ని మెట్లెక్కించావు."

ఆ మాట విన్నాక అతని మొహం మేకప్పులోంచి కూడా వెలిగిపోయింది. పక్కన భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతోంది.

మాష్టారు ఇంక ఆగలేకపోయారు. "అమ్మగారూ, వచ్చే శనివారం కూడా మీరు రావాలి. ఆ మాటే అనాలి. ఇన్నేళ్ళుగా నాకు దొరకనిది అదే."

"ఆ మెట్లకి పట్టుకోడానికి ఒక కమ్మీ వేయించు. అప్పుడు చూద్దాం" అంది ఆవిడ.

కమ్మీ వేయించారు. ఆవిడ వచ్చింది. అప్పట్నించి ప్రతి ఆటకీ మూడో వరసలోంచి లేచి, మెట్లెక్కి, ఆ నాలుగు మాటలూ అనేసి వస్తుంది. ఒక్కోసారి మాటలు మార్చేస్తుంది, ఎవరూ అభ్యంతరం చెప్పరు. వీధిలోవాళ్ళతో ఇప్పుడు మావాడు శవం వేస్తాడు, అది అందరివల్లా అయ్యే పని కాదు అని చెబుతుంది.

మాష్టారికి మాత్రం ఒక్క అసంతృప్తి మిగిలింది. నాటకం అన్నాక జనానికి మొహం చూపించాలి, ఈవిడేమో వేదికెక్కగానే వీపు తిప్పేసి అంతసేపు దుప్పటి సర్దుతుంది. ఒక రిహార్సల్లో నచ్చజెప్పబోయారు. "అమ్మా, పైకి రాగానే జనంవైపు తిరగండి. అక్కడ మీ మొహం కనిపించాలి."

"తిరుగుతానయ్యా" అంది ఆవిడ, బల్లకి అడ్డంగా నిలబడే. "ముందు వాణ్ణి ఊపిరి పీల్చుకోనీ."